పట్నం పోయే పిల్లలకు, పంపే పెద్దలకు: భద్రత, పోలీసు, హక్కుల పాఠం

గోపాల్‌పేటలోగాని, చుట్టుపక్కల ఊళ్లలోగాని హైదరాబాద్‌తో సంబంధం లేని ఇల్లు దొరకడం కష్టం. ఒక ఇంట్లో కొడుకు సెంట్రింగ్ పనికి పోయాడు. ఇంకో ఇంట్లో అల్లుడు ఆటో నడుపుతున్నాడు. మరో ఇంట్లో బిడ్డ హాస్టల్లో ఉండి నర్సింగ్ చదువుతున్నది. వనపర్తి బస్టాండులో పిల్లల్ని బస్సెక్కించి ఇంటికొచ్చే తల్లికి రెండు భయాలుంటాయి. మొదటిది పైకి చెబుతుంది: దొంగలు, తాగుబోతులు, ఆడపిల్లల వెంటపడేవాళ్లు, రోడ్డు ప్రమాదాలు. రెండోది పైకి చెప్పదు: ఏ తప్పూ చేయకుండానే పోలీసులు పట్టుకుపోతారేమో. ఈ రెండో భయం బీద ఇళ్లలో ఎక్కువ. మన ఇళ్లలో ఇంకాస్త ఎక్కువ.

మన సొసైటీ సావనీరులో ఏటా స్కాలర్‌షిప్పుల లెక్కలు, వైద్య సహాయం వివరాలు, పెద్దల సందేశాలు ఉంటాయి. వాటి పక్కన ఈసారి ఒక పాఠం కూడా ఉంటే బాగుంటుందని మాకు తోచింది. మేము బడిలో సాంఘిక శాస్త్రం చెబుతాము. రాజ్యాంగం 21వ అధికరణం ఏమిటంటే పిల్లలు ఠక్కున జవాబిస్తారు. రాత్రి 11 గంటలకు నడిరోడ్డు మీద ఆపి 'ఎక్కడినుంచి వస్తున్నావు?' అని అడిగితే ఏం మాట్లాడాలో మాత్రం వాళ్లకు తెలియదు. పరీక్షలో రాసే జవాబుకూ బతుకులో పనికొచ్చే జవాబుకూ మధ్య ఉన్న ఈ దూరాన్ని కొంతైనా తగ్గించాలని ఈ ప్రయత్నం.

మూడు మాటలు, వాటి అర్థం

మొదటి మాట భద్రత. రాత్రి ఆలస్యంగా ఇంటికి చేరే కూలీ, ఒంటరిగా నడిచే ఆడపిల్ల, దుకాణం మూసి డబ్బు సంచితో వెళ్లే వ్యాపారి, వీళ్లందరూ నిశ్చింతగా ఉండటమే భద్రత. అది అందరికీ సమానంగా ఉండాలి. ఒక వీధి భద్రత కోసం ఇంకో వీధిని భయపెడితే దాన్ని భద్రత అనరు.

రెండో మాట జవాబుదారీతనం. మన సొసైటీ కోశాధికారి ఒక్కొక్క రూపాయికీ రసీదు చూపిస్తారు. ఆయన మీద అనుమానం ఉండి మనం అడగడం లేదు. ఆ డబ్బు పదిమందిది, ఆయన చేతిలో అమానత్‌గా ఉంది, అందుకే లెక్క చెబుతారు. పోలీసు చేతిలోని లాఠీ, తుపాకి, లాకప్ తాళంచెవి కూడా ప్రజలు అప్పగించిన అమానతే. ఎందుకు వాడారు, ఎంత వాడారు, ఎవరి మీద వాడారు అనే లెక్క చెప్పవలసిందే. ఆ లెక్క అడగడం పోలీసుల మీద పగ కాదు.

మూడో మాట పౌరహక్కులు. ఇవి నేరస్తులను కాపాడటానికి అని చాలామంది అనుకుంటారు. ఎవరు నేరస్తుడో కోర్టు తేల్చేదాకా ఎవరికీ తెలియదు కదా! అప్పటిదాకా మనిషిని మనిషిగా చూడటానికి పెట్టుకున్న నియమాలే పౌరహక్కులు. ఈ రోజు పక్కింటి వాడికి పనికొస్తాయి, రేపు మనకు పనికొస్తాయి.

'భద్రత కావాలంటే హక్కులు కొంత వదులుకోవాలి' అనే మాట తరచూ వింటుంటాము. హైదరాబాద్ నగరం గత యాభై ఏళ్లలో చూసినది దీనికి పూర్తిగా వ్యతిరేకం. హక్కులు పోయిన ప్రతిచోటా భద్రత కూడా పోయింది. ఐదు సంఘటనలు చూద్దాం.

హైదరాబాద్ నేర్పిన ఐదు పాఠాలు

మొదటిది 1978 నాటిది. ఆ ఏడాది మార్చి చివరి వారంలో ఒక రాత్రి సినిమా చూసి ఇంటికి వస్తున్న ఒక పేద ముస్లిం స్త్రీని నల్లకుంట పోలీస్ స్టేషన్‌కు పట్టుకుపోయారు. ఆమె మీద పోలీసులే అత్యాచారం చేశారనీ, రిక్షా తొక్కే ఆమె భర్తను కొట్టి చంపారనీ నగరం అట్టుడికిపోయింది. కాల్పులు జరిగాయి, కర్ఫ్యూ పెట్టారు. రమీజాబీ కేసుగా అది చరిత్రలో నిలిచింది. విచారణకు నియమించిన జస్టిస్ ముక్తదర్ కమిషన్ ముందు ఆమె నడత మీద బురద చల్లారు. అయినా కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. తర్వాత కేసు కర్ణాటకలోని రాయచూరు కోర్టుకు బదిలీ అయి, 1981లో నిందితులు నిర్దోషులుగా బయటికొచ్చారు. కమిషన్ నివేదిక ఒక్కటే శిక్ష వేయలేదు. సాక్ష్యం, దర్యాప్తు, కోర్టు అన్నీ సరిగా నడిస్తేనే న్యాయం దొరుకుతుంది. ఇది మొదటి పాఠం.

రెండోది 2007 మే 18, శుక్రవారం. జుమా నమాజు వేళ మక్కా మసీదులో బాంబు పేలి 9 మంది చనిపోయారు. ఆ తర్వాత జరిగిన పోలీసు కాల్పుల్లో మరో 5 గురి ప్రాణాలు పోయాయి. చనిపోయినవాళ్లు నమాజుకు వచ్చినవాళ్లు. ఆ తర్వాత అనుమానంతో పోలీసులు పట్టుకుపోయింది కూడా ముస్లిం యువకులనే. వాళ్లు చిత్రహింసలకు గురయ్యారని రాష్ట్ర మైనారిటీల కమిషన్ తరఫున వెళ్లి కలిసిన న్యాయవాది నివేదించారు. కోర్టు వాళ్లను వదిలేసింది. తప్పు జరిగిందని గుర్తించి అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 70 మందికి పరిహారం ప్రకటించింది. కేసుల్లో ఇరుక్కుని నిర్దోషులుగా తేలిన 20 మందికి తలా 3 లక్షలు, అదుపులోకి తీసుకుని వదిలేసిన 50 మందికి తలా 20 వేలు. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. దర్యాప్తు సీబీఐ చేతికి, తర్వాత ఎన్‌ఐఏ చేతికి వెళ్లింది. చివరికి 2018 ఏప్రిల్ 16న ప్రత్యేక కోర్టు విచారించిన ఐదుగురు నిందితులనూ సాక్ష్యాలు చాలక విడుదల చేసింది.

లెక్క చూడండి. బాంబు పెట్టినవాళ్లకు శిక్ష పడలేదు. పెట్టనివాళ్లు జైల్లో ఉన్నారు, చదువులు పోగొట్టుకున్నారు, ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. చనిపోయినవాళ్ల కుటుంబాలకు 'ఎవరు చేశారు?' అన్న ప్రశ్నకు ఇప్పటికీ జవాబు లేదు. అమాయకుణ్ణి కొడుతూ గడిపే ప్రతి రోజూ అసలు దోషికి దొరికిన సెలవే. దీన్ని మనం బాధితుల తరఫు ఫిర్యాదుగా మాత్రమే చూస్తున్నాము. నగర భద్రత కోరుకునే ప్రతి ఒక్కరి ఫిర్యాదు అది.

మూడోది మన వీధుల్లో మనవాళ్ల చేతుల మీదుగా జరిగింది. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు పాకాయి. రంజాన్ రోజుల్లో, మే 26 రాత్రి, చాంద్రాయణగుట్ట దగ్గర గుంపు ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపింది. ఆమె ఎవరి పిల్లల్నీ ఎత్తుకుపోలేదు. గుంపు ఆమె పేరు అడగలేదు, వాదన వినలేదు, సాక్ష్యం చూడలేదు. పోలీసు విచారణ లేకుండా శిక్షిస్తే అన్యాయమని మనం అంటాము. వీధి అదే పని చేస్తే కూడా అదే మాట అనాలి. న్యాయం మాట మనవాళ్లకు వ్యతిరేకంగా ఉన్నా చెప్పాలని చిన్నప్పటి నుంచి మనకు నేర్పారు. అది పాటించవలసిన చోటు ఇదే.

నాలుగోది మన పాలమూరు గడప దగ్గరే జరిగింది. 2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలిపై అత్యాచారం చేసి హత్య చేశారు. దేశమంతా కన్నీరు పెట్టింది. కూతురు కనబడటం లేదని వెళితే పరిధి మాది కాదంటూ స్టేషన్ల మధ్య తిప్పారని కుటుంబం వాపోయింది. ఆలస్యం చేసినందుకు ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. డిసెంబర్ 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో నలుగురు నిందితులనూ కాల్చి చంపారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని, చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని కమిషన్ తేల్చింది. 10 మంది పోలీసుల మీద హత్య కేసు విచారణ జరగాలని సిఫారసు చేసింది.

ఆ నలుగురూ నారాయణపేట జిల్లా మక్తల్ మండలం పిల్లలు. వాళ్లు దోషులైతే కోర్టు శిక్షించేది. కోర్టుకు వెళ్లకముందే చంపడంతో ఆ అమ్మాయి కేసులో సాక్ష్యం ఎప్పటికీ పూర్తిగా బయటికి రాకుండా పోయింది. పూలు చల్లిన చేతులు ఒక ప్రశ్న వేసుకోవలసింది: మొదటి రాత్రి ఫిర్యాదు తీసుకుని వెంటనే వెతకడం ముఖ్యమా, తొమ్మిదో రోజు కాల్చడం ముఖ్యమా? ఆడపిల్లల భద్రత మొదటి రాత్రి చేసే పనిలో ఉంది.

ఐదోది 2023 నాటిది. మెదక్‌లో గొలుసు దొంగతనం జరిగితే, సీసీ కెమెరా దృశ్యంలో పోలిక ఉందని ఒక దినసరి కూలీని హైదరాబాద్ నుంచి పట్టుకుపోయారు. కొన్ని రోజుల తర్వాత, సంబంధం లేదని వదిలేశారు. స్టేషన్‌లో కొట్టారని ఆయన ఆస్పత్రి మంచం మీది నుంచి చెప్పాడు. ఫిబ్రవరిలో గాంధీ ఆస్పత్రిలో చనిపోయాడు. పత్రికల్లో వార్తలు చూసి హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. పోలీసు అధికారులు సస్పెండ్ అయ్యారు. ఒక పోలిక ఖరీదు ఒక ప్రాణం.

చట్టం ఏం చెబుతోంది

ఈ సంఘటనల నుంచి దేశం ఏమీ నేర్చుకోలేదని అనలేము. నియమాలు ఉన్నాయి. అవి మనకు తెలియకపోవడమే పెద్ద లోటు. 2024 జూలై 1 నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లోకి వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయి. ముఖ్యమైనవి ఒక కాగితం మీద రాసుకుని ఇంట్లో గోడకు అతికించుకోండి.

1. ఫిర్యాదు. శిక్షించదగ్గ తీవ్రమైన నేరం జరిగిందని చెబితే ఎఫ్‌ఐఆర్ రాయవలసిందే. 2013 నవంబర్ 12న లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. కొత్త చట్టం 173వ సెక్షన్ ప్రకారం నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా, ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. దీన్ని జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్‌లో తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి పోస్టులో పంపవచ్చు, అప్పటికీ పని కాకపోతే మెజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు.

2. నోటీసు. ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో ఊరికే అరెస్టు చేయకూడదు, ఎందుకు అవసరమో రాతపూర్వకంగా చెప్పాలి. అవసరం లేకపోతే హాజరు కమ్మని నోటీసు ఇవ్వాలి. 2014లో అర్నేష్ కుమార్ కేసులో ఇదే తీర్పు. ఇప్పుడది 35వ సెక్షన్. నోటీసు వస్తే భయపడి ఊరు విడిచి పోకండి. చెప్పిన రోజు వెళ్లండి, వెళ్లినట్టు రుజువు ఉంచుకోండి. వెళ్లకపోతే అరెస్టుకు మనమే కారణం ఇచ్చినట్టవుతుంది.

3. సాక్షిగా పిలవడం. స్త్రీలను, 15 ఏళ్ల లోపు బాలురను, 60 దాటిన పెద్దలను, వికలాంగులను, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవారిని సాక్ష్యం కోసం స్టేషన్‌కు రమ్మని బలవంతం చేయకూడదు. వాళ్లు ఉండే చోటికే పోలీసులు రావాలి. ఇది 179వ సెక్షన్.

4. అరెస్టు. ఎందుకు అరెస్టు చేస్తున్నారో చెప్పాలి. పోలీసు పేరు కనబడేలా బిళ్ల ఉండాలి. అరెస్టు పత్రం మీద తేదీ, సమయం, ఒక సాక్షి సంతకం, అరెస్టయినవారి సంతకం ఉండాలి. ఇంట్లోవాళ్లకో మిత్రుడికో కబురు పెట్టాలి. లాయరును కలవనివ్వాలి. వైద్య పరీక్ష చేయించాలి. 1996 డిసెంబర్ 18న డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పిన ఈ నియమాలు ఇప్పుడు చట్టంలో భాగం. స్త్రీలను సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయం ముందు అరెస్టు చేయకూడదు. తప్పనిసరైతే మహిళా అధికారి రాతపూర్వకంగా మెజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి.

5. 24 గంటలు. ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లోగా మెజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఇది రాజ్యాంగం 22వ అధికరణంలోనే ఉంది. 'ఊరికే మాట్లాడి పంపిస్తాం' అని మూడు రోజులు ఉంచుకోవడానికి ఏ చట్టమూ ఒప్పుకోదు. మెజిస్ట్రేటు ముందు నిలబడినప్పుడు, కొట్టి ఉంటే ఆ మాట అక్కడే చెప్పాలి. ఆ రోజు చెప్పకపోతే తర్వాత రుజువు చేయడం చాలా కష్టం.

6. పిల్లలు. 18 ఏళ్లు నిండని వాళ్లను లాకప్‌లో పెట్టకూడదు. వాళ్లను బాలల న్యాయమండలి ముందు హాజరు పరచాలి. అందుకే పిల్లల ఆధార్, బడి టీసీ, పుట్టిన తేదీ పత్రం ఎప్పుడూ చేతికి అందేలా ఉంచండి. చటాన్‌పల్లిలో చనిపోయిన ముగ్గురు మైనర్లని వాళ్లు పోయాక తేలింది.

7. సోదా. ఇంటి సోదాకు స్థానికులైన ఇద్దరు సాక్షులుండాలి. స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా ఇవ్వాలి. కొత్త చట్టం 105వ సెక్షన్ ప్రకారం సోదాను ఆడియో, వీడియో రికార్డు చేయాలి. బస్తీ మొత్తాన్ని చుట్టుముట్టి ఇల్లిల్లూ వెతికే కార్డన్ సెర్చ్ రోజున కూడా ఈ నియమం గుర్తుండాలి.

ఇవన్నీ అడిగే పద్ధతి ఒకటుంది. గొంతు పెంచకండి. పరుగెత్తకండి. చేయి అడ్డం పెట్టకండి. 'సార్, నన్ను ఏ కేసులో పిలిచారు? మా అబ్బాకు ఫోన్ చేయవచ్చా?' ఈ రెండు ప్రశ్నలు చాలు. తెల్లకాగితం మీద, చదవని కాగితం మీద సంతకం పెట్టకండి. మన మీద మనమే నేరం ఒప్పుకోవాలని ఎవరూ బలవంతం చేయలేరని 20వ అధికరణం చెబుతోంది.

కెమెరాలు, ఫోన్లు

హైదరాబాద్‌లో ఇప్పుడు ఏ వీధిలో నడిచినా ఒక కెమెరా చూస్తుంటుంది. 2022 ఆగస్టు 4న బంజారాహిల్స్‌లో ఇంటిగ్రేటెడ్ కమాండ్ కంట్రోల్ సెంటర్ ప్రారంభమైంది. నగరంలోని కెమెరాల దృశ్యాలను ఒక్కచోట కూర్చుని చూసే ఏర్పాటు అది. కెమెరాల వల్ల మేలు ఉంది. తప్పిపోయిన పిల్లలు దొరికారు, గుద్ది పారిపోయిన బండ్లు దొరికాయి. దాన్ని కాదనలేము.

అయితే కెమెరా చూసింది వేరు, దానికి మనిషి చెప్పిన అర్థం వేరు. మెదక్ కూలీ విషయంలో తప్పు చేసింది కెమెరా కాదు, పోలికనే రుజువుగా తీసుకున్న మనిషి. ముఖాన్ని చూసి మనిషిని గుర్తుపట్టే సాంకేతిక పరిజ్ఞానాన్ని తెలంగాణ పోలీసులు 2018 నుంచి వాడుతున్నారు. కరోనా కాలంలో రోడ్డు మీద ఆపి, మాస్కు తీయించి ఫోటో తీశారని నగరానికి చెందిన ఒక సామాజిక కార్యకర్త హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. ఏ చట్టం ప్రకారం తీశారు, ఆ ఫోటో ఎక్కడుంటుంది, ఎన్నాళ్లుంటుంది అని ఆయన అడిగారు. దొంగ కాని మనిషి కూడా అడగవలసిన ప్రశ్నలే ఇవి. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. చట్టం ఉండాలి, అవసరం ఉండాలి, అవసరానికి మించకూడదు. ఈ మూడు కొలతలతో కొలవాలి.

2021 అక్టోబర్‌లో గంజాయి తనిఖీ పేరుతో హైదరాబాద్‌లో యువకులను ఆపి ఫోన్లలో వాట్సాప్ మాటలు చూసిన దృశ్యాలు బయటికొచ్చి పెద్ద చర్చ జరిగింది. కేసులో సాక్ష్యంగా ఫోన్ కావాలంటే పంచనామా రాసి స్వాధీనం చేసుకునే పద్ధతి ఉంది. దారిన పోయేవాడి ఫోన్ తీసుకుని చదవడం ఆ పద్ధతి కాదు. గంజాయి మన పిల్లల్ని తినేస్తున్న మాట నిజం. దాన్ని అమ్మేవాడిని పట్టుకోవడానికి, కొనని వంద మంది ఫోన్లు చదవడం దారి కాదు.

కెమెరా రెండు వైపులా చూడాలి. 2020 డిసెంబర్ 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి పోలీస్ స్టేషన్‌లో, లాకప్‌తో సహా, సీసీ కెమెరాలు పెట్టాలని, రికార్డింగును 18 నెలలు దాచాలని ఆదేశించింది. బస్తీలో కెమెరా ఉండటం ఎంత అవసరమో లాకప్‌లో ఉండటం అంత అవసరం.

మన వైపు పని

పోలీసుల్లో కూడా మన ఊరి పిల్లలే ఉన్నారు. పండగనాడు ఇంటికి రాలేని కానిస్టేబులు ఎవరి కొడుకో ఆలోచించండి. గణేశ్ నిమజ్జనం, మిలాద్ జులూస్ పక్కపక్కనే వచ్చిన ఏడాది రాత్రంతా రోడ్డు మీద నిలబడేది వాళ్లే. మంచి పోలీసు పని ఎలా ఉంటుందో చూడటానికి మనం దూరం పోనక్కర్లేదు. 2018లో పిల్లల ముఠాల పుకార్లు రేగినప్పుడు జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్లను ఊరూరికీ పంపారు. డప్పులతో, జానపద పాటలతో పుకార్లు నమ్మవద్దని చెప్పించారు. ఊరి వాట్సాప్ గ్రూపుల్లో పోలీసులే చేరి ఏది నిజమో ఏది అబద్ధమో చెప్పారు. పోలీసు ముఖం తెలిసిన ఊరు, అనుమానం వస్తే గుంపు కట్టదు, పోలీసుకు ఫోన్ చేస్తుంది. ఆ ఏడాది లాఠీ చేయలేని పనిని డప్పు చేసింది.

కాబట్టి మన వైపు నుంచి కొన్ని పనులున్నాయి. ధ్రువీకరించని మాట ఫార్వర్డ్ చేయకూడదు. దొంగ దొరికినా చేయి చేసుకోకుండా 100కు లేదా 112కు ఫోన్ చేయాలి. మైనర్ పిల్లల చేతికి బండి ఇవ్వకూడదు. సిమ్ కార్డు, బ్యాంకు ఖాతా, ఆధార్ నకలు కమీషన్‌కు ఆశపడి ఎవరికీ ఇవ్వకూడదు. సైబర్ మోసాల కేసుల్లో మొదట పోలీసు తలుపు తట్టేది ఆ ఖాతాదారుడి ఇంటినే. మోసపోతే వెంటనే 1930కి చెప్పాలి. ప్రమాదంగాని, గొడవగాని కళ్లారా చూస్తే సాక్ష్యం దాచకూడదు. సాక్ష్యం చెప్పేవాడు లేని చోట పోలీసు పోలికల మీద ఆధారపడతాడు.

ఆడపిల్లల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. 2014 అక్టోబర్ 24న హైదరాబాద్‌లో షీ టీమ్స్ మొదలయ్యాయి. వేధిస్తే ఫిర్యాదు చేయవచ్చు. కాని చాలా ఇళ్లలో ఆ సంగతి తెలిసిన వెంటనే 'చదువు మానేసి ఇంటికి రా' అంటారు. ఈ మాటకు భయపడే పిల్లలు ఇంట్లో చెప్పరు. వేధించేవాడికి అదే బలం. బిడ్డ చెప్పిన రోజు ఆమె పక్కన నిలబడటం మన ఇంటి నుంచి మొదలయ్యే భద్రత.

ఎక్కడ చెప్పుకోవాలి

అన్యాయం జరిగితే దారులు మూసుకుపోలేదు. పై అధికారికి, అంటే జిల్లాలో ఎస్పీకి, నగరంలో పోలీస్ కమిషనర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవాలి. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు తెల్లకాగితం మీద రాసినా చాలు. లాయరుకు డబ్బు లేకపోతే న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. స్త్రీలకు, పిల్లలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేదు. ఆ నంబరు 15100. మహిళలకు 181, పిల్లలకు 1098.

ఒక మాట దాచకుండా చెప్పాలి. 2006 సెప్టెంబర్ 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు పోలీసు సంస్కరణలకు ఏడు ఆదేశాలిచ్చింది. పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి రాష్ట్రంలో, జిల్లాల్లో ప్రత్యేక సంస్థలు పెట్టాలన్నది వాటిలో ఒకటి. కేసు వేసింది స్వయంగా పోలీసు డీజీపీగా పనిచేసిన వ్యక్తి. దేశంలో చాలా రాష్ట్రాలు ఏళ్ల తరబడి ఆ ఆదేశాలను నానబెట్టాయి. ఏ పార్టీ ప్రభుత్వమైనా తన చేతిలో ఉన్న పోలీసును వదులుకోవడానికి ఇష్టపడదు. అందుకే ఓటు అడగడానికి వచ్చినవాళ్లను రోడ్డు, నల్లా గురించి అడిగినట్టే దీన్ని గురించి కూడా అడగాలి. మనం ఒక్కరమే కాదు, దళితవాడ, తండా, బీసీ కాలనీ కలిసి అడగాలి. లాకప్‌లో కష్టం మతం చూసి రాదు, బీదతనం చూసి వస్తుంది.

ఇంట్లో చేయవలసిన అభ్యాసం

పాఠం అభ్యాసం లేకుండా నిలవదు. ఈ సావనీరు ఇంటికి చేరిన వారంలో ఒక సాయంత్రం అందరూ కూర్చుని ఈ పనులు చేయండి.

అ) పట్నంలో ఉన్న పిల్లల గది చిరునామా, యజమాని ఫోన్ నంబరు, దగ్గరి పోలీస్ స్టేషన్ పేరు ఒక కాగితం మీద రాయండి. ఒక నకలు ఇంట్లో, ఒకటి వాళ్ల దగ్గర ఉంచండి.

ఆ) ఇంట్లోవాళ్ల రెండు ఫోన్ నంబర్లు పిల్లల చేత కంఠస్థం చేయించండి. ఫోన్ తీసుకున్నాక నంబరు నోటికి రాకపోతే కబురు పెట్టే హక్కు ఉండీ లేనట్టే.

ఇ) ఒకరు పోలీసుగా, ఒకరు దారిన పోయే పిల్లవాడిగా మాట్లాడండి. మర్యాదగా, భయపడకుండా జవాబు చెప్పడం అలవాటు కావాలి. పోలీసు వేషం వేసినవారు కూడా మర్యాదగానే మాట్లాడాలి సుమా!

ఈ) మీ వాట్సాప్‌లో గత నెల వచ్చిన ఒక భయపెట్టే వార్తను తీసుకోండి. అది ఎవరు పంపారు, ఎక్కడ జరిగింది, ఏ తేదీన జరిగింది అని అడుగుతూ పోండి. జవాబు దొరకకపోతే అక్కడే చెరిపేయండి.

ఉ) చర్చకు ఒక ప్రశ్న: మీ వీధిలో దొంగతనం జరిగింది. అనుమానం ఒక కొత్త కిరాయిదారు మీద ఉంది. పోలీసులు అతణ్ణి మీ కళ్లముందు కొడుతున్నారు. వస్తువు మీది. మీరేం చేస్తారు?

ఈ చివరి ప్రశ్నకు పిల్లలు ఏం జవాబు చెబుతారో వినండి. పెద్దలు ముందుగా జవాబు చెప్పకండి.